టీచరు చేతిలో 500 రూపాయలు

ఒక సెల్లు, బల్బు, మూరెడు తీగ ఉంటే విద్యుత్ వలయం పాఠం పిల్లల చేతుల్లోనే జరుగుతుంది. కానీ లోపలి జింకు ఖర్చయ్యేకొద్దీ సెల్లు నీరసిస్తుంది. కొత్తది కొనేదెవరు?

సర్వశిక్షా అభియాన్‌లో దీనికి చిన్న ఏర్పాటు ఉండేది: బోధనోపకరణాలకు ఒక్కో టీచరుకు ఏడాదికి 500 రూపాయలు. బడుల్లో టీఎల్‌ఎం గ్రాంటు అన్నది దీన్నే. మొత్తం స్వల్పమే, కానీ ఏ పాఠానికి ఏది కావాలో టీచరే తేల్చుకోవచ్చు. అసలు విలువ అక్కడుంది.

అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు 20 లక్షల దాకా ఇస్తారు. త్రీడీ ప్రింటరూ వస్తుంది. అయితే దేశంలో బడులు 14 లక్షల పైనే, తొలి దశలో నెలకొన్న ల్యాబులు పదివేలు. ఇన్‌స్పైర్ మానక్ ఇచ్చే 10,000 రూపాయలు ఎంపికైన విద్యార్థి నమూనాకు. మిగతా తరగతికి రేపు కావలసింది రెండు సెల్లులు.