పాత కొండపల్లి బొమ్మను గుర్తించుట

మన చిట్టమూరులో పాత బొమ్మలు సేకరింపదలచినవారు, కొలువు తీర్చు ఇండ్ల అటకలను మొదట వెదకవలెనని మా అభిప్రాయము. అంబారీ ఏనుగో, దశావతారమో చేతికందినపుడు ముందు బరువు చూడుడు. కొండపల్లి వారు వాడు తెల్ల పొణికి కర్ర మిక్కిలి తేలిక. అవయవములను వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు వేయుదురు. అతుకు విడిన చోట ఈ పొరలన్నియు కనిపించును.

పూర్వపు నీటి రంగులకు మెరుపు తక్కువ. తరువాత వచ్చిన ఎనామిల్ నిగనిగలాడును. అంతమాత్రమున కొత్తదని త్రోసివేయరాదు. పెచ్చు లేచిన గుంటలోనికి కూడ రంగు దిగియున్నచో, అది పాత బొమ్మకు తిరిగి వేసిన రంగే. చేతిపనిలో ఏ రెండును ఒకటిగా నుండవు. మావటి చేయి కొంచెము వంగినదని అరుదైన రకమనుకొనుట తొందరపాటు.

కొందరు కొలువుకు ముందు బొమ్మలను తడిగుడ్డతో తుడుతురు. నీటి రంగు కరగినచో ఆనవాలే పోవును. పొడి కుంచెతో దుమ్ము దులిపిన చాలును.