తెగేదాకా లాగరాదు

తెగేదాకా లాగరాదని మన పెద్దలంటారు. మనుషుల మధ్య తగాదాలకు వాడే ఈ మాట నిజానికి తాడుకే ఎక్కువ వర్తిస్తుంది. అయితే, తాడుకి ఇంకెంత ఆయుష్షు మిగిలి ఉందో తెలుసుకోవడం ఎలా? ఫ్యాక్టరీలోనైనా, రేవులోనైనా, మన కాలేజీ వర్క్‌షాపులోనైనా క్రేన్లు, చైన్ పుల్లీలు, స్లింగులు ఉన్న ప్రతిచోటా ఈ ప్రశ్నకి రోజూ జవాబు చెప్పుకోవలసిందే.

పూర్వం యూరపు గనుల్లో బరువులు పైకి లాగడానికి ఇనుప గొలుసులు, నార తాళ్లు వాడేవారు. గొలుసుతో చిక్కేమిటంటే, ఒక్క లంకె విరిగితే చాలు, మొత్తం బరువు కిందికి వచ్చేస్తుంది. 1834లో జర్మనీలోని క్లౌస్తాల్ గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలతో తాడు పేనించాడు. మూడు పేటలు, పేటకి నాలుగేసి తీగలు. ఒక తీగ తెగినా మిగిలినవి బరువు మోస్తాయి. అసలు కీలకం ఇక్కడే ఉంది. సరిగ్గా వాడిన తీగతాడు సాధారణంగా ఒక్కసారిగా తెగదు. ఒక్కొక్క తీగే తెగుతూ ముందుగానే మనకి కబురు పంపుతుంది. ఆ కబురు అందుకోవడమే తనిఖీ.

ఈనాడు విరివిగా వాడే ఒక రకం తాడులో 6 పేటలు, పేటకి 19 తీగలు, వెరసి 114 తీగలుంటాయి. తాడు వ్యాసానికి 8 రెట్ల పొడవులో, పైకి కనబడే తెగిన తీగలు మొత్తంలో నూటికి పది దాటితే ఆ తాడు వాడరాదన్నది మన దేశంలో రేవుల్లోనూ, కట్టడాల పనుల్లోనూ ఉన్న నియమం. అంటే 16 మిల్లీమీటర్ల తాడుకి 128 మిల్లీమీటర్ల పొడవులో పన్నెండో తీగ తెగిందంటే దాని పని అయిపోయిందన్నమాట! మెలికపడినా, పక్షిగూడులా ఉబ్బినా, తుప్పు లోపలికి దిగినా తీగలు లెక్కపెట్టే పనే లేదు, తీసేయాలి.

తాడుని ఒట్టి చేత్తో తడమకూడదు. బరువు దించి, మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేయాలి. తాళంచెవి పరీక్షించేవాడి జేబులోనే ఉండాలి. చేతికి దళసరి తొడుగు వేసుకుని పాతగుడ్డతో తుడుస్తూ పోతే, తెగిన తీగ ఉన్నచోట గుడ్డ పట్టేస్తుంది. మురికి తుడిచాకే గ్రీజు రాయాలి. మురికి మీద రాస్తే అది లోపలికి దిగదు.

ఇక హుక్కు సంగతి. కొత్తగా ఉన్నప్పుడే దాని నోటికి రెండువైపులా పంచ్‌తో చుక్కలు కొట్టి, మధ్య దూరం రాసిపెట్టుకోవాలి. తరవాత ఆ దూరం పెరిగిందంటే, మోయలేని బరువు మోసిందని అర్థం. పగులు అనుమానం వస్తే పాత పద్ధతి ఒకటుంది. కిరసనాయిలు రాసి, పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దితే పగుల్లో దాగిన కిరసనాయిలు గీతలా బయటపడుతుంది. పగిలిన హుక్కుకి వెల్డింగు చేసి మళ్లీ వాడటం మాత్రం ప్రాణాలతో చెలగాటమే.

సాధనం బాగున్నా కట్టడంలో పొరపాటు చేయవచ్చు. ఒక టన్ను బరువుని రెండు కాళ్ల స్లింగుతో ఎత్తేటప్పుడు, కాళ్లు నేలకి 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కొక్క దానిమీద 577 కిలోల లాగుడు పడుతుంది. 45 డిగ్రీలైతే 707 కిలోలు. 30 డిగ్రీలైతే సరిగ్గా 1000 కిలోలు! బరువు పెరగలేదు, కోణమే తగ్గింది. ఫస్టియర్ మెకానిక్స్‌లో వేసిన లెక్కే ఇది.

లిఫ్టింగ్ సాధనాలను 12 నెలలకి ఒక్కసారైనా అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షనులో రాశారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం మారినా ఇనుము స్వభావం మారదు కదా. తాడు ఒక్క రోజులోనే పాడు కావచ్చు. కనుక ప్రతి షిఫ్టు మొదట్లోనూ వాడేవాడే ఒకసారి చూసుకోవాలి.

పరీక్ష కూడా ప్రమాదమేనని మరవరాదు. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందూస్థాన్ షిప్‌యార్డులో ఒక పెద్ద క్రేను పరీక్ష జరుగుతుండగానే కూలిపోయి 11 మంది చనిపోయారు. క్రేను తట్టుకోగలదో లేదో చూడటానికే పరీక్ష చేస్తాం. తట్టుకుంటుందని ముందే నమ్మి దాని మీదా, దాని కిందా మనుషులను ఉంచకూడదు.

రేపు మనలో చాలామందిమి సూపర్‌వైజర్లమవుతాం. "ఈ ఒక్క లోడూ ఎత్తేద్దాం సార్, రేపు మార్చుకుందాం" అనే మాట తప్పకుండా వింటాం. పైనుంచి ప్రొడక్షన్ ఒత్తిడీ ఉంటుంది. అప్పుడు 'వీల్లేదు' అనగలిగితేనే తనిఖీకి అర్థం. పనికిరాని స్లింగుని మూలన పడేస్తే రేపు మరొకరు తీసి వాడతారు. దాన్ని అప్పటికప్పుడే ముక్కలుగా కోయించి తుక్కులో వేయించండి.