కంటి శస్త్రచికిత్సలో జిగురు

కంటిగుడ్డు ముందు భాగాన గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మధ్యభాగంలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వరికోతల వేళ ఆకు మొనో, ధాన్యపు పొట్టో తగిలి గీరుకుపోయిన చోట శిలీంధ్రం చేరి పుండు పడితే, ఆ పొర క్రమంగా కరిగి, చివరికి చిల్లుపడి, కంటిలోని ద్రవం బయటికి కారిపోయే ప్రమాదం ఉంది. తలవెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో కుట్టే నేర్పు నేత్రవైద్యులకు ఉన్నా, కరుగుతున్న కణజాలంలో సూది దించడం నానిన కాగితాన్ని కుట్టబోవడం వంటిది కనుక, అక్కడ దారానికి బదులు జిగురును ఆశ్రయిస్తారు.

ఆ జిగురు పేరు సయనోఅక్రిలేట్. 1942లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో హ్యారీ కూవర్ బృందం తుపాకులకు అమర్చే గురిసాధనాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెదుకుతూ దీన్ని తయారుచేసి, ముట్టిన ప్రతిదానికీ అంటుకుపోతున్నదని విసిగి పక్కనపెట్టింది. తడి తగలగానే దీని అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా కలిసి గట్టిపడతాయి. ఇళ్లలో విరిగిన వస్తువులను అతికించే జిగురూ ఈ కుటుంబానిదే అయినా, దాన్ని కంటికి వాడరాదు. అణువులోని పక్కగొలుసు పొట్టిగా ఉన్న రకాలు త్వరగా విచ్ఛిన్నమై, ఫార్మాల్డిహైడ్‌ను వెలువరించి కణాలను దెబ్బతీస్తాయి గనుక, వైద్యంలో పొడవైన పక్కగొలుసు గల బ్యుటైల్ రకాన్ని ఎంచుకుంటారు.

చిల్లు చుట్టూ ఉన్న పైపొరను గీకి, తడిని పూర్తిగా ఒత్తి తీసి, అతిచిన్న బొట్టును మాత్రమే అద్దుతారు. గట్టిపడిన జిగురు గరుకుగా ఉండి రెప్పను ఒరుసుకుంటుంది కాబట్టి, దానిపై మెత్తని కాంటాక్ట్ లెన్స్ తొడుగుతారు. ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే, కంటిలో కలవని ఈ పరాయితనమే దీని గుణం: పొరను కరిగించే ఎంజైములను మోసుకొచ్చే తెల్ల రక్తకణాలు పుండును చేరకుండా ఇది అడ్డుపడుతుంది. అడుగున కణజాలం మానాక, వారాలు గడిచాక, తనంతట తానే ఊడిపోతుంది. అయితే రెండు మూడు మిల్లీమీటర్లను మించిన చిల్లుకు ఇది చాలదు. అప్పుడు కార్నియా మార్పిడి వంటి చికిత్సలు అవసరమవుతాయి.

కంటి శస్త్రచికిత్సలో వాడే మరో జిగురు ఫైబ్రిన్; దాని స్వభావం సయనోఅక్రిలేట్‌కు పూర్తిగా భిన్నమైనది. తెగిన వేలి మీద నెత్తురు గడ్డకట్టే ప్రక్రియలోని చివరి ఘట్టాన్నే ఇది అనుకరిస్తుంది: ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్, థ్రాంబిన్ అనే ఎంజైము విడివిడిగా ఉండి, కంటి మీద కలిసిన క్షణంలో వలలాంటి మెత్తని పదార్థంగా మారతాయి. కంటి తెల్లగుడ్డు మీది నుంచి నల్లగుడ్డు వైపు కండ పెరిగే టెరీజియం వ్యాధిలో, ఆ కండను తొలగించిన చోట రోగి కంటి నుంచే తీసిన పలుచని పొరను దీనితో అతికిస్తే, కుట్ల వల్ల కలిగే గుచ్చుకున్నట్టుండే బాధ తగ్గడమే కాక శస్త్రచికిత్స సమయమూ తగ్గుతుంది. శరీరమే ఈ జిగురును కొద్ది వారాల్లో కరిగించుకుంటుంది.

దీని ముడిసరుకు సాధారణంగా దాతల రక్తం నుంచి వస్తుంది గనుక, శుద్ధి చేసినప్పటికీ వైరస్‌లు సోకే స్వల్ప అవకాశం మిగిలే ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. అందుకే కొందరు వైద్యులు, కండ తొలగించిన చోట ఊరే రోగి సొంత నెత్తురునే జిగురుగా వాడుకుని, ఆ పలుచని పొరను దానిపై పరచి, అది పట్టుకునే వరకు కొన్ని నిమిషాలు అదిమి ఉంచుతారు.