నీల్ టేలర్ ఎవరివాడు?

2016 జూన్ 20న ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో జరిగిన యూరో కప్ మ్యాచ్‌లో వేల్స్ 3-0తో రష్యాను ఓడించింది. రెండో గోల్ కొట్టినవాడు లెఫ్ట్ బ్యాక్ నీల్ టేలర్. వేల్స్ తరఫున ఆడిన 43 మ్యాచుల్లో అతని గోల్ అదొక్కటే. ఎడమ అంచున కాపు కాసి, దూసుకొచ్చే వింగర్‌ను గోల్ వైపు మళ్లనివ్వకపోవడమే అతని అసలు పని. టేలర్ తల్లిది కలకత్తా మూలాలున్న బెంగాలీ కుటుంబం. ఈ సంగతి తెలియగానే మన అభిమానులకు ఒక కోరిక పుడుతుంది: ఇలాంటివాడు భారత్‌కు ఆడితే ఎంత బాగుండేది! కోరిక సహజమే. కానీ అతను ఆటగాడిగా ఎలా తయారయ్యాడో చూస్తే, మనం కోరుకోవలసింది ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది.

1989లో ఉత్తర వేల్స్‌లో పుట్టిన టేలర్ చిన్నప్పుడు మాంచెస్టర్ సిటీ అకాడమీలో ఆడాడు. వాళ్లు వద్దనుకున్నాక రెక్సమ్ క్లబ్బులో చేరాడు. 2008లో ఆ క్లబ్బు ఐదో డివిజన్‌కు జారిపోయింది. అక్కడ ఆడుతుండగానే 2010లో వేల్స్ జాతీయ జట్టు నుంచి పిలుపొచ్చింది. అదే ఏడు స్వాన్సీకి మారాడు. మరుసటి ఏడాది స్వాన్సీ ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు ఆడిన కొద్ది వారాలకే చీలమండ విరిగింది. కోలుకుని వచ్చి యూరో సెమీఫైనల్ దాకా ఆడాడు. ఈ ప్రయాణంలో నన్ను ఆపి ఆలోచింపజేసేది ఆ ఐదో డివిజన్. పెద్ద అకాడమీ వదిలేసిన కుర్రాడికి కూడా వారం వారం మ్యాచులు, గమనించే కోచ్‌లు, జీతమిచ్చే క్లబ్బు దొరికాయి. డిఫెండర్‌కు ఇది మరీ అవసరం. ఎప్పుడు మీదికి వెళ్లాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో తెలిసే నేర్పు ఎన్నో మ్యాచుల్లో దెబ్బతింటే తప్ప అబ్బదు. మారిషస్ తెలుగు మూలాలున్న వికాస్ ధొరాసూ కథా ఇంతే. 2006 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ తరఫున దిగిన ఆ మిడ్‌ఫీల్డర్‌ను తీర్చిదిద్దింది ల హావ్ర్ అనే ఫ్రెంచి రేవు పట్టణపు క్లబ్బు.

‘మొరాకోను చూడండి’ అని ఎవరైనా అనవచ్చు. నిజమే, 2022లో ప్రపంచకప్ సెమీఫైనల్ చేరిన ఆ తొలి ఆఫ్రికా జట్టులో 26 మందికి 14 మంది పరదేశాల్లో పుట్టినవాళ్లే. రైట్ బ్యాక్ అష్రఫ్ హకీమీ పుట్టింది మాడ్రిడ్‌లో, ఆట నేర్చింది రియల్ మాడ్రిడ్‌లో. అయితే అదే రక్షణ వరుసలోని నాయెఫ్ అగెర్డ్ మొరాకోలోనే పుట్టి, అక్కడి మహమ్మద్ 6 అకాడమీలో ఎదిగాడు. బయటివాళ్లను పిలుస్తూనే ఆ దేశం ఇంట్లోనూ ఖర్చుపెట్టింది. మన దగ్గర మొదటి దారి ఇరుకు. 2008 నుంచి భారత జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టు తప్పనిసరి. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. గుజరాతీ తండ్రి, జపాన్ తల్లి ఉన్న ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో మనకు ఆడాడు. తల్లి దేశమో తండ్రి దేశమో ఒకటి తెంచుకోమనడం కఠినమని నేను నమ్ముతాను. ఆ నియమం సడలినా వచ్చేది మాత్రం ఒకరో ఇద్దరో.

తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి చోట్ల పిల్లల లెక్క వేరు. ఇక్కడి నుంచి దుబాయి, మస్కట్ పోయిన కూలీల్లో చాలామంది పిల్లలు ఊళ్లోనే తల్లి దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతున్నారు. వాళ్లకు పాస్‌పోర్టు చిక్కు లేనే లేదు. పల్లెల్లో ఫుట్‌బాల్ ఎవరాడతారని అడిగేవారికి గుగులోత్ సౌమ్య చాలు. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడటానికి వెళ్లింది, 2024-25కు దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అయింది. 2016 దాకా కామారెడ్డి కూడా ఆ జిల్లాలోదే. ఒక్క సౌమ్యను చూపి అంతా బాగుందనుకోవడమూ పొరపాటే. స్కూలు టోర్నమెంట్‌లో రెండు మ్యాచులు ఓడి ఇంటికొచ్చిన పన్నెండేళ్ల డిఫెండర్‌కు మళ్లీ ఆడే అవకాశం వచ్చే ఏడాది దాకా రాకపోతే నేర్చుకునేది ఏమీ ఉండదు. బడికో పీఈటీ సార్, మండలాల మధ్య నెలల తరబడి సాగే లీగ్, ఓడిన జట్టుకూ వచ్చే వారం ఇంకో మ్యాచ్: వీటికి పార్లమెంటు చట్టం మార్చనక్కర్లేదు, జిల్లా స్థాయిలోనే మొదలుపెట్టవచ్చు.