గ్రంథాలయాలు - శాశ్వత నిధి

గ్రంథాలయాన్ని స్థాపించడం ఒక సత్కార్యం. దానిని తరతరాలు నిలబెట్టడం మరొక సత్కార్యం. మొదటిదానికి ముందుకు వచ్చినంతమంది దాతలు రెండవదానికి రారు. గ్రీసు రాజధాని ఏథెన్సులోని గెన్నాడియస్ గ్రంథాలయ చరిత్ర ఈ సత్యాన్ని తేటతెల్లం చేస్తుంది.

లండనులో గ్రీసు దౌత్యాధికారిగా పనిచేసిన జోయానెస్ గెన్నాడియస్ (1844-1932) తన దేశ చరిత్ర సంస్కృతులకు సంబంధించిన గ్రంథాలను ఏళ్ల తరబడి సేకరించాడు. ఆర్థికంగా చిక్కుల్లో పడడంతో ఆ సేకరణలో కొంత భాగం 1895లో వేలానికి పోయింది. ఆయన నిరాశ చెందక మళ్లీ కొనడం ప్రారంభించాడు. 1922లో దాదాపు 26,000 సంపుటాలను ఏథెన్సులోని అమెరికన్ ప్రాచీన విద్యాపీఠానికి దానం చేశాడు. గ్రంథాలను విడదీయరాదనీ, ప్రత్యేక భవనంలో ఉంచాలనీ, దానికి తన తండ్రి పేరు పెట్టాలనీ షరతులు విధించాడు. గ్రీసు ప్రభుత్వం స్థలమిచ్చింది. అమెరికాలోని కార్నెగీ కార్పొరేషన్ భవనానికి ధనమిచ్చింది. 1926లో గ్రంథాలయం ప్రారంభమైంది.

ముస్లిం చరిత్రకు కూడా ఇది పనికివచ్చే నిలయమే. యానీనా ప్రాంతాన్ని ఏలిన ఉస్మానియా అధికారి అలీ పాషా (మరణం 1822) కచేరీ పత్రాలు ఇక్కడ భద్రంగా ఉన్నాయి. ఆ ముస్లిం పాలకుని ఉత్తరప్రత్యుత్తరాలు అధికభాగం గ్రీకు భాషలోనే సాగాయి.

అయితే భవనం వెలసినంత మాత్రాన ఖర్చు ఆగదు. చెదపురుగుల నివారణ, శిథిల పత్రాల మరమ్మత్తు, జాబితాల తయారీ, సిబ్బంది జీతాలు ఏటేటా వచ్చేవే. అందుకే ఇటువంటి సంస్థలు చందాలతో పాటు శాశ్వత నిధిని కూడా సమకూర్చుకుంటాయి. ఆ నిధిలో అసలును ముట్టరు. రాబడినే ఖర్చు చేస్తారు. ధరలు పెరిగినా నిధి విలువ తగ్గకుండా రాబడిలో కొంత తిరిగి అసలుకు చేర్చుతారు. కొందరు దాతలు, సంస్థ తానుగా ఇంత మొత్తం సేకరిస్తేనే తమ వంతు ఇస్తామని షరతు పెడతారు. దీనివల్ల చిన్న దాతలలోనూ ఉత్సాహం కలుగుతుంది.

ఈ పద్ధతి ముస్లిములకు కొత్త కాదు. ఖైబర్‌లో లభించిన భూమి విషయమై హజ్రత్ ఉమర్ (రజి) సలహా కోరినప్పుడు, అసలును అట్టే ఉంచి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. వక్ఫ్‌కు పునాది అదే. 1678లో ఇస్తాంబుల్‌లోని కోప్రులూ గ్రంథాలయానికి వ్రాసిన వక్ఫ్‌నామా, గ్రంథపాలకుల జీతాలతో పాటు జిల్దు కట్టేవాని జీతానికి కూడా ఏర్పాటు చేసింది. పుస్తకం చిరుగుతుందని ఆ దాత ముందే ఎరుగును.

ఒక్క భేదం మాత్రం గమనించదగినది. పాశ్చాత్య సంస్థల నిధులలో వడ్డీ ఆదాయం కలిసి ఉండవచ్చు. వక్ఫ్‌కు అంగళ్ల అద్దె, తోటల ఫలసాయం, ధర్మసమ్మతమైన వ్యాపారలాభం ఆధారాలు.

అల్మరాలు నింపే దాత ధన్యుడు. ఆ అల్మరాలను నూరేళ్ల తరువాత కూడా తెరిచి ఉంచే ఏర్పాటు చేసిన దాత అంతకంటె దూరదృష్టి కలవాడు.