చెరకు సీమలో తేనెపెట్టె

బోధన్ బస్టాండు దగ్గరో, నిజామాబాద్ గాంధీచౌక్‌లోనో చెరకురసం బండి ముందు మీరెప్పుడైనా నిలబడే ఉంటారు. ఈసారి గ్లాసు చేతికి వచ్చేదాకా పక్కనున్న పిప్పి కుప్పను చూడండి. ఇంటి ఈగలు ముసురుతుంటాయి. కందిరీగలు ఒకటో రెండో తిరుగుతుంటాయి. వాటి మధ్యన, ఒంటిమీద గోధుమరంగు చారలున్న చిన్న ఈగలు తలవంచి రసం పీల్చుతూ కనిపిస్తాయి. అవే తేనెటీగలు.

ఇది చూసినవారికి ఒక ఆలోచన రావడం సహజమే. “మనది చెరకు సీమ గదా! తీపికి కొదవేముంది? ఇంట్లో ఒక పెట్టె పెట్టి ఈగల్ని పెంచితే సీసాల కొద్దీ తేనె!”

ఈ లెక్కలో ఒక పెద్ద పొరపాటు ఉంది. దాన్ని తెలుసుకోకుండా పెట్టె కొన్నవారు కొన్నాళ్లకు ఖాళీ పెట్టెను చూడవలసి వస్తుంది. అందుకే ముందు ఆ పొరపాటు సంగతి చెప్పుకొని తర్వాత పెట్టె దగ్గరికి పోదాం.

నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక మంజీర నీరు ఈ నేలకు పారింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని స్థాపించారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గినచోట వరి పెరిగింది. దాని పక్కన పసుపు, మొక్కజొన్న, సోయా ఉన్నాయి. చూడటానికి ఎటు చూసినా పచ్చదనమే. తేనెటీగ కంటితో చూస్తే మాత్రం ఈ పచ్చదనంలో సగానికి పైగా ఎడారే.

ఎందుకంటారా? చెరకు గడ్డిజాతి మొక్క. దాని తీపి పువ్వులో లేదు, గడలో ఉంది. తేనెటీగ నాలుక నాకడానికి పనికివస్తుంది గాని గట్టి గడను తొలిచే పనిముట్టు కాదు. గానుగ గడను నలిపినచోటే దానికి ఆ రసం అందుతుంది. చెరకు పూత పూసినా ఆ వెండి కుచ్చుల్లో మకరందం ఉండదు, పుప్పొడిని గాలే మోసుకుపోతుంది. వరి, మొక్కజొన్న, జొన్న కూడా గడ్డిజాతులే. వాటి పుప్పొడిని ఈగలు తెచ్చుకుంటాయి గాని మకరందం చుక్క కూడా దొరకదు.

“పోనీ, రసం బండి ఉందిగా?” అంటారేమో. చెరకు రసంలో ఉన్నది చాలావరకు పంచదార, నీరు. పెద్ద ఈగకు ఎగరడానికి కావలసిన శక్తి పంచదార ఇస్తుంది. పిల్ల పురుగు పెరగడానికి మాత్రం మాంసకృత్తులు కావాలి. అవి పుప్పొడిలోనే ఉన్నాయి. లేత కూలి ఈగలు పుప్పొడి తిని, తమ తలలోని గ్రంథుల నుంచి పాలవంటి ఆహారం ఊరించి పిల్లలకు పెడతాయి. పుప్పొడి లేకపోతే ఆ పాలు లేవు, పిల్లలూ లేవు. పనుల కాలంలో కూలి ఈగ ఆయుస్సు సుమారు ఆరు వారాలు. పోయినవాటి చోట కొత్తవి రాకపోతే రెండు మూడు నెలల్లో ఆ కుటుంబం పలచబడిపోతుంది. మన దేశపు తేనెటీగ అంతదాకా ఆగదు కూడా. తిండి కరువైందని తెలియగానే రాణితో సహా పెట్టె వదిలి లేచిపోతుంది.

కాబట్టి తేనెటీగలు పెంచడమంటే ముందుగా పువ్వులు లెక్కపెట్టడమన్నమాట. మన దేశపు ఈగ సాధారణంగా ఒక కిలోమీటరు దూరంలోపలే మేత చూసుకుంటుంది. మీరు గణితంలో నేర్చిన సూత్రాన్ని ఇక్కడ వాడండి. ఒక కిలోమీటరు వ్యాసార్ధంతో గీసిన వృత్తం వైశాల్యం 3.14 చదరపు కిలోమీటర్లు, అంటే 314 హెక్టార్లు, సుమారు 775 ఎకరాలు. మీ పెరడు పది గజాలే కావచ్చు, మీ ఈగల పెరడు 775 ఎకరాలు! అందులో ఏ నెలలో ఏమి పూస్తుందో తెలుసుకోవడం మీ మొదటి పని. పెట్టె కొనడం రెండోది.

ఒక నోటు పుస్తకం పెట్టండి. వారానికి ఒకరోజు, ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఊరంతా తిరిగి ఏ చెట్టు పూసిందో, దానిమీద తేనెటీగలు వాలుతున్నాయో లేదో రాయండి. ఈగ వెనక కాళ్లకు ముద్దలు అంటుకొని ఉంటే అది పుప్పొడి తీసుకుపోతున్నట్టు. ఆ ముద్దల రంగు కూడా రాయండి.

ఇలా రాసుకుపోతే మన ప్రాంతపు లెక్క దాదాపు ఇలా తేలుతుంది. ఉగాదికి ముందూ వెనకా వేప పూస్తుంది, ఆ రోజుల్లోనే నేరేడు, వేసవి నువ్వుచేలు కూడా. తర్వాత కానుగ, చింత. చింతచెట్టు కింద నిలబడి పైనుంచి వచ్చే హోరు వింటే చాలు, మేత ఎంత ఉందో తెలుస్తుంది. జూన్‌లో వానలు మొదలయ్యాక కథ మారుతుంది. పెద్ద చెట్ల పూత అయిపోయింది, ముసురు పట్టిన రోజుల్లో ఈగలు గడప దాటలేవు. చేలలో మొక్కజొన్న పుప్పొడి, పెరళ్లలో గుమ్మడి, బీర, దోస పాదులు కొంత ఆదుకుంటాయి. బతుకమ్మ నాటికి నేల మళ్లీ పూలతో నిండుతుంది. అయితే ఒక చిత్రం! తంగేడు పువ్వులో మకరందం లేదు. దాని పుప్పొడి చిన్న రంధ్రాలున్న గొట్టాల్లో ఉంటుంది. నల్లని గండుతుమ్మెద వచ్చి గుయ్యిమని ఒళ్లు కదిలిస్తేనే రాలుతుంది. తేనెటీగకు అసలైన పండుగ గట్లమీది రేగుచెట్లలో ఉంది. శీతాకాలంలో మునగ, వేసినచోట ధనియాలు, కుసుమ, పొద్దుతిరుగుడు తోడవుతాయి. మీ ఊరి లెక్క దీనికి కొంత భిన్నంగా ఉండవచ్చు. నోటు పుస్తకం చెప్పినదే మీకు ప్రమాణం.

ఇక ఏ ఈగను పెంచాలి? నీళ్ల ట్యాంకుల కింద, పెద్ద మర్రిచెట్ల మీద చాపంత ఒకే పట్టు వేలాడదీసే పెద్ద ఈగ ఏపిస్ డార్సేటా. అది పెట్టెలో ఉండదు, కోపం వస్తే గుంపుగా తరిమి కుడుతుంది. దాని జోలికి పోకండి. పొదల్లో అరచేయంత పట్టు కట్టే చిన్న ఈగ ఏపిస్ ఫ్లోరియా. అదీ పెట్టెలో నిలవదు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాతగోడల సందుల్లో చీకటిచోట చూసుకొని వరసగా అనేక పట్లు కట్టే ఈగ ఏపిస్ సెరానా. చీకటికి అలవాటుపడినది గనుకనే అది పెట్టెను ఇల్లుగా ఒప్పుకుంటుంది. 1990 ప్రాంతంలో థాయి సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు వచ్చి దక్షిణ భారతంలో ఈ ఈగల కుటుంబాలు చాలావరకు నశించాయి. తర్వాత మెల్లగా కోలుకున్నాయి. ఆ దెబ్బతర్వాత మన దక్షిణాన ఇటాలియన్ ఈగ, అంటే ఏపిస్ మెల్లిఫెరా వాడకం పెరిగింది. అది తేనె ఎక్కువ ఇస్తుంది గాని దానికి మేత కూడా ఎక్కువే కావాలి. పూత ఉన్నచోటికల్లా పెట్టెలను లారీలో తిప్పాలి. ఇంట్లో ఒకటి రెండు పెట్టెలు పెట్టుకునేవారికి సెరానాయే నయమని నా ఉద్దేశం.

పెట్టె చూడటానికి మామూలు చెక్కపెట్టే. అందులోని తెలివంతా ఖాళీ జాగాలో ఉంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు ఒక సంగతి గమనించాడు. పట్టుకూ గోడకూ మధ్య సందు మరీ ఇరుకైతే ఈగలు దాన్ని జిగురుతో పూడ్చేస్తాయి. మరీ వెడల్పయితే అందులో ఇంకో పట్టు కట్టేస్తాయి. ఆ రెంటికీ మధ్యస్థంగా, సుమారు 8 మిల్లీమీటర్లుంటే మాత్రం నడవడానికి దారిగా వదిలేస్తాయి. ఆ కొలతతో చెక్క చట్రాలను వరసగా వేలాడదీస్తే ప్రతి పట్టునూ పుస్తకంలో పేజీలాగా పైకి తీసి చూసి మళ్లీ పెట్టవచ్చు. అంతకుముందు తేనె కావాలంటే పట్టును కోసి, పిల్లలతో సహా పిండేసేవారు. మన దేశపు ఈగ ఒంటికి తగిన చిన్న పెట్టెను 1911–17 మధ్య తిరుచిరాపల్లిలో న్యూటన్ అనే ఫాదర్ తయారుచేశాడు. దాన్ని ఇప్పటికీ న్యూటన్ పెట్టె అనే అంటారు. కింది అర పిల్లలకు, పై అర తేనెకు.

ఈగల కుటుంబాన్ని అనుభవమున్న పెంపకందారు దగ్గర పెట్టెతో సహా తీసుకోవడం మంచిది. తొర్రలోని పట్టును మీరే కోసి తేబోకండి. ఇంట్లో పెద్దవారొకరు మీతోపాటు ఈ పని నేర్చుకోవాలి. బోధన్ పక్కనున్న రుద్రూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది; పంటల సంగతులు అక్కడ అడగవచ్చు. పెట్టెను అక్టోబరు తర్వాత తెచ్చుకుంటే, నాలుగైదు నెలల అనుభవం వచ్చాక వేప పూత అందుతుంది. వానాకాలం ముందు తెచ్చుకుంటే మొదటి పాఠమే కరువు పాఠమవుతుంది.

పెట్టె ఎక్కడ పెట్టాలి? పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడేచోట. పిల్లలున్న అరలో ఈగలు వేడిని 34, 35 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర నిలబెడతాయి. మన మే నెల ఎండ 45కు చేరినప్పుడు కూడా అంతే! నీళ్లు తెచ్చి పట్టుమీద పలచగా పరిచి రెక్కలతో విసురుతాయి; నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మీ ఇంట్లో కూలరు చేసేది ఇదే పని. అందుకని దగ్గరలో ఒక మూకుడులో నీళ్లు పోసి, మునిగిపోకుండా నిలబడటానికి గులకరాళ్లు వేయండి. పెట్టె కింద స్టాండు కాళ్లను నీళ్లున్న గిన్నెల్లో ఉంచితే చీమలు ఎక్కలేవు. గడపకు ఎదురుగా మనుషులు నడిచే దారి ఉండకూడదు.

పెట్టెను రోజూ తెరవకండి. కొత్త ఉత్సాహంలో అందరూ చేసే తప్పు ఇదే. వారం, పది రోజులకొకసారి ముఖానికి వల కట్టుకొని, కాస్త పొగపట్టి చూస్తే చాలు. మిగిలిన రోజుల్లో పక్కన కూర్చుని గడపను గమనించండి. అయిదు నిమిషాల్లో ఎన్ని ఈగలు పుప్పొడి ముద్దలతో వచ్చాయో లెక్కపెట్టండి. పుప్పొడి బాగా వస్తున్నదంటే లోపల రాణి గుడ్లు పెడుతున్నదనీ, పిల్లలకు ఆహారం సాగుతున్నదనీ అనుకోవచ్చు. ఆ సంఖ్య వారం వారం పడిపోతుంటే చట్రం తీసి చూడాలి. కుట్టిన ఈగ ముల్లును, దాని విషపు సంచితో సహా, మీ చర్మంలోనే వదిలి పోతుంది. గోటితో వెంటనే గీకి తీసేయండి. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

వానాకాలపు కరువులో పంచదార, నీరు సమంగా కలిపిన పానకం సాయంత్రంపూట పెట్టె లోపల పెట్టవచ్చు. బయట పెడితే పొరుగు ఈగలు దోపిడీకి దిగుతాయి. ఈ పానకం ఊతకర్ర మాత్రమే; పుప్పొడి బయటినుంచి రావలసిందే. పానకం పెట్టే రోజుల్లో తేనె తీయకూడదు. ఎందుకో చెబుతాను.

పూలతోటల మకరందం, చెరకు పంచదార రెంటినీ ఈగలు ఒకేలా మార్చి నిలవచేస్తాయి. నాలుకకు తేడా తెలియకపోవచ్చు. అయినా శాస్త్రజ్ఞులకు తెలిసిపోతుంది! గాలిలోని కార్బన్‌లో నూటికి ఒక పాలు కార్బన్-13 అనే కాస్త బరువైన రకం. వేప, చింత వంటి మొక్కలు ఆహారం తయారుచేసేటప్పుడు ఈ బరువు కార్బన్‌ను కొద్దిగా వెనక్కి నెడతాయి. చెరకు, మొక్కజొన్న, జొన్న వేరే పద్ధతిలో కార్బన్‌ను పట్టుకుంటాయి; ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే శాస్త్రజ్ఞులు చెరకు ఆకుల మీదనే పరిశోధించి 1966లో ఆ పద్ధతిని వివరించారు. ఈ మొక్కల పంచదారలో బరువు కార్బన్ కొంచెం ఎక్కువ మిగులుతుంది. దాన్ని కొలిచి తేనెలో చెరకు పంచదార కలిసిందో లేదో చెబుతారు. అయితే వరి వేప పద్ధతినే పాటిస్తుంది గనుక బియ్యం నుంచి తీసిన పాకం కలిపితే ఈ పరీక్షకు చిక్కదు, దానికి వేరే పరీక్షలున్నాయి. నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల అంటించి చూడటం వంటివి నమ్మదగినవి కావు.

తేనె తీయడానికి తొందరపడకండి. మకరందంలో సగానికి పైగా నీరుంటుంది. ఈగలు దాన్ని సుమారు 20 శాతానికి తగ్గించాక గదులకు మైనంతో మూత వేస్తాయి. మూత వేసిన పట్టునే తీయాలి, లేకపోతే తేనె పులుస్తుంది. చట్రాలను గిర్రున తిప్పే యంత్రంలో పెడితే తేనె బయటికి చిమ్ముతుంది, పట్టు చెదరదు. దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేయవచ్చు. వానాకాలానికి కింది అరలోది వాటికే వదలండి. సెరానా పెట్టెనుంచి ఏడాదికి మూడు నాలుగు కిలోలు వచ్చినా మంచి రాబడే. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం నాకించకండి, దానిలో ఉండగల ఒకరకం సూక్ష్మజీవి వారికి ప్రమాదం.

డిసెంబరు చలిలో మీ సీసాలోని తేనె అడుగున తెల్లగా పేరుకుంటే పంచదార కలిసిందని కంగారుపడకండి. తేనెలోని గ్లూకోజు గడ్డకట్టడమే అది. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెడితే మళ్లీ కరుగుతుంది.