కృత్రిమ మేధ: పెట్టుబడి యెంత? రాబడి యెంత?

నేడు పత్రిక తెరచినను, నలుగురు కూడినను, కృత్రిమ మేధ యను మాటయే వినవచ్చుచున్నది. దానికి ఆధారమైన చిప్పులను చేయు కంపెనీల వాటాల వెలలు ఆకాశమునంటినవి. ఇది చూచి మన పాఠశాల తల్లిదండ్రులు పలువురు, "మా బిడ్డను ఈ చదువులోనే చేర్పింపవలెనా? అందులకై అప్పు చేయవచ్చునా?" అని యడుగుచున్నారు. సమాధానమునకు ముందు, ఆ వ్యాపారమున ధనము ఎచ్చటినుండి వచ్చి యెచ్చటికి పోవుచున్నదో తెలిసికొనవలెను.

2022 నవంబరు 30వ తేదీన అమెరికాలోని ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీని విడుదల చేసెను. ఇట్టి సాధనములకు పాఠము నేర్పుటకును, అవి మనకు ప్రత్యుత్తరము లిచ్చుటకును వేలకొలది చిప్పులు ఏకకాలమున పనిచేయవలెను. వానిలో పేరుగన్నవానిని ఎన్విడియా యను అమెరికా కంపెనీ రూపకల్పన చేయగా, తైవానులోని టీఎస్‌ఎంసీ కంపెనీ తయారుచేయుచున్నది. ఎన్విడియా అమ్మకములు 2023 జనవరితో ముగిసిన సంవత్సరమున సుమారు 2,700 కోట్ల డాలర్లు. 2025 జనవరితో ముగిసిన సంవత్సరమున సుమారు 13,000 కోట్ల డాలర్లు. రెండేండ్లలో దాదాపు అయిదు రెట్లు పెరిగినవి!

మరి కొనుచున్న వారెవరు? మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్, మెటా అను నాలుగు పెద్ద సంస్థలు ముఖ్యమైనవి. 2025లో ఇవి యంత్రములపైనను, భవనములపైనను 30,000 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించినవి. వీనికి పాత వ్యాపారములలో మంచి లాభములు కలవు గనుక కొంతకాలము తాళగలవు. అయినను అప్పులును మొదలైనవి. 2025 సెప్టెంబరున ఒరాకిల్ 1,800 కోట్ల డాలర్లకు, అక్టోబరున మెటా 3,000 కోట్ల డాలర్లకు ఋణపత్రములను విడుదల చేసినవి.

ఓపెన్‌ఏఐ సంగతి వేరు. దాని అధినేత శామ్ ఆల్ట్‌మన్ 2025 నవంబరున తెలిపిన ప్రకారము, ఆ యేటి చివరకు దాని రాబడి ఏడాదికి 2,000 కోట్ల డాలర్లకు మించిన స్థాయిని అందుకొనవలసియుండెను. అప్పటినుండి ఎనిమిదేండ్లలో వెచ్చింప నొప్పుకొన్న మొత్తమో, సుమారు 1,40,000 కోట్ల డాలర్లు. సగటున ఏటికి 17,500 కోట్లు. ఏటికి ఇరువది వేలు వచ్చు గృహస్థు, ఏటికి లక్షా డెబ్బదియైదు వేలు చెల్లింతునని పత్రము వ్రాసి యిచ్చినట్లున్నది. రాబడి వేగముగా పెరుగునను నమ్మకమే దీనికి ఆధారము.

ఇంకొక చిక్కు కలదు. 2025 సెప్టెంబరున ఎన్విడియా, ఓపెన్‌ఏఐలో దశలవారీగా 10,000 కోట్ల డాలర్ల వరకు పెట్టుబడి పెట్టు నుద్దేశమును ప్రకటించెను. ఓపెన్‌ఏఐ ఎన్విడియా యంత్రములతో కేంద్రములు నిర్మించుటయు ఆ యేర్పాటులోని భాగమే. ఒక యెద్దుల బేరగాడు రైతునకు తానే సొమ్మిచ్చి, ఆ సొమ్ముతో తన యెద్దులనే కొనిపించెననుకొందము. బేరగాని పద్దులో అమ్మకము కనబడును. సంత జోరుగా సాగుచున్నట్లే తోచును. కాని రైతు ఆ యెద్దులతో దున్ని పంట తీసినప్పుడే అది నిలుచు బేరము. 2000వ సంవత్సర ప్రాంతమున లూసెంట్ అను టెలిఫోను యంత్రముల కంపెనీ కొనుగోలుదారులకు ఇట్లే అప్పులిచ్చి, వారిలో పలువురు దివాలా తీయగా తానును తీవ్రముగా నష్టపడెను.

ఇందుచేత కృత్రిమ మేధ వట్టి బూటకమని భావింపరాదు. వస్తువు ఉపయోగకరమైనదగుట వేరు, దానిపై ధనము పెట్టినవారికి లాభము వచ్చుట వేరు. 1840-50 సంవత్సరముల నడుమ బ్రిటనులో రైలు కంపెనీల వాటాలకై జనము ఎగబడి, వెలలు పడిపోగా ఎందరో నష్టపోయిరి. రైలుమార్గములు మాత్రము నిలిచి దేశమునకు మేలుచేసినవి. ఇంటర్నెట్ యంత్రములు చేయు సిస్కో కంపెనీ ఎన్నడును మూతపడలేదు. అయినను 2000 మార్చినాటి వాటా వెలను మరల అందుకొనుటకు దానికి 2025 డిసెంబరు వరకు పట్టెను.

పైగా రైలుపట్టాలు దశాబ్దముల తరబడి మన్నును. చిప్పులు అట్లు కావు. కొన్నియేండ్లకే అంతకు మించినవి వచ్చి అవి పాతబడును. వాని ఆయుర్దాయమును గూర్చి కొన్నవారే ఏకాభిప్రాయమునకు రాలేదు. 2025లో అమెజాన్ తన యంత్రములలో కొన్నిటి ఆయువును ఆరేండ్లనుండి అయిదేండ్లకు తగ్గించి లెక్కగట్టగా, మెటా తన యంత్రముల ఆయువును అయిదున్నర యేండ్లకు పెంచెను. ఆయువు ఎక్కువగా వ్రాసినకొలది ఏటేటి తరుగుదల తగ్గి, లాభము పెద్దదిగా కనబడును. కావున యంత్రములు పాతబడకమునుపే వెచ్చించిన ధనము తిరిగివచ్చునా యనునదే అసలు ప్రశ్న.

ఈ వెల్లువ తెలుగునాటిని కూడ తాకినది. విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో కేంద్రము నెలకొల్పుదుమని గూగుల్ 2025 అక్టోబరున ప్రకటించెను. అయితే ఇట్టి కేంద్రములు కట్టునపుడు పని చాలమందికి దొరకును. కట్టిన పిదప నడుపుటకు కొలదిమందియే చాలుదురు.

కనుక తల్లిదండ్రులకు నా మనవి యిది. బిడ్డకు గణితమునందును, విజ్ఞానశాస్త్రమునందును ఆసక్తి యున్నచో కంప్యూటరు చదువు తప్పక చదివింపుడు. కాని ఆరుమాసములలో కృత్రిమ మేధ నేర్పెదమని లక్షలడుగువారికి, పొలము తాకట్టుపెట్టి సొమ్ము కట్టకుడు. వారి వద్ద చదివినవారిలో ఎందరికి, ఎచ్చట, ఏ జీతమునకు ఉద్యోగము దొరకెనో వ్రాతపూర్వకముగా అడుగుడు. అప్పు చేసి వాటాలు కొనకుడు. లెక్క స్వయముగా చేయుట, చదివినదానిని అర్థము చేసికొనుట, తన తలపును తెలుగునను, ఈ రాష్ట్ర భాషయందును, ఇంగ్లీషునను తేటగా చెప్పుట అను నేర్పులు పిల్లలకు అలవడినచో, వాటాల వెల పెరిగినను తరిగినను అవి వారికి అక్కరకు వచ్చును. వానికి అయిదేండ్ల గడువు లేదు.